రెండు నంబర్లు, ఒకే టిక్కు

ఆ సోమవారం పొద్దుటినుంచీ వాన. ఫ్లాపీలు తడవకుండా హైమవతి వాటిని టిఫిను డబ్బాలో పెట్టి, డబ్బా చుట్టూ చంటిదాని ఉతికిన పాతగుడ్డ ఒకటి బిగించి, కొంగు కింద పెట్టుకుని ఫౌండ్రీకి నడిచింది.

గేటు దర్వాను ఆమెను చూసి నవ్వాడు. పొద్దున చచ్చిపోయినవాడొకడు కుంటుకుంటూ డ్యూటీకి వచ్చాడనీ, మిషను వద్దంటే డ్యూటీకి పోనివ్వక డిస్పెన్సరీకి తిప్పాననీ, మీ కప్లింగు భలే పని చేస్తోందనీ హిందీలో చెప్పాడు. అదేం హాస్యమో ఆమెకు అర్థం కాలేదు. గేటు మిషనులో ఒక ఫ్లాపీ పెట్టి, అంకెలు పరుగెత్తి ఆగేదాకా చూసి, తీసుకుంది. క్యాంటీనులో రెండోది అయింది. మూడోది డిస్పెన్సరీలో పెట్టాలి.

ఆ ఫౌండ్రీలో రైలు బండ్ల బ్రేకు దిమ్మలు పోత పోస్తారు. ఆ బెంగాలీ ఊళ్ళో రైల్వే పని దొరకని తెలుగు కుర్రాళ్ళు తాతల కాలం నుంచీ అక్కడే చేరుతున్నారు. కంప్యూటర్లు మాత్రం ఈ మధ్యవి. గేటుది ఒక ఏడు కొన్నది, క్యాంటీనుది ఇంకో ఏడు, డిస్పెన్సరీది మరో రకం. ఒకదాని జాబితా ఇంకోదానికి తెలియదు. మనిషి మానేసిన ఆర్నెల్లకు కూడా అతని పేరు మీద క్యాంటీనులో భోజనం చేసి పోయేవాళ్ళుండేవారు. అందుకని మైత్ర బాబు, ఇందా పేటలో మిఠాయి కొట్టు పైగదిలో ఆఫీసు పెట్టినాయన, హాజరు రాసే టైమాఫీసు పెద్ద జాబితాలో ఏ మార్పు జరిగినా మిగతా మూడింటికీ దానంతట అదే చేరేలా ఒక్కో మిషనుకు దాని భాషలో ఒక్కో చిన్న ప్రోగ్రాం రాశాడు. ఆయన వాటిని కనెక్టర్లంటాడు. ఫౌండ్రీ జనం, బోగీలను కలిపే కొక్కేల పేరుతో, కప్లింగులంటారు. ఇంజను కదిలితే బోగీలన్నీ కదలాల్సిందే. పెద్ద జాబితాలో పేరు చేరితే గేటు తెరుచుకుంటుంది, అన్నం పెడతారు, మందిస్తారు. అక్కడ కొట్టేస్తే మూడూ ఒక్క సాయంత్రంలో మూసుకుంటాయి. మిషనుకూ మిషనుకూ మధ్య తీగ లేదు. ఆ వార్తను రోజూ మోసుకెళ్ళేది హైమవతి.

డిస్పెన్సరీ బల్ల మీద తవిటయ్య కూర్చుని ఉన్నాడు. పాతికేళ్ళవాడు, మౌల్డింగు షాపులో కరిగిన ఇనుము మోసే మనిషి. గుండు చేయించుకున్న తల మీద వాన చుక్కలు నిలిచాయి. కుడికాలు ఎదురు బల్ల మీదికి చాపి పెట్టుకున్నాడు. పాదానికి చుట్టిన గుడ్డ పసుపు రంగు తిరిగింది.

కాంపౌండరు విల్‌ఫ్రెడ్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి తెర దగ్గరకు వంగాడు. ముప్పై ఏళ్ళుగా ఈ తెలుగువాళ్ళకు కట్లు కట్టి కట్టి, వాళ్ళ మాటే మాట్లాడతాడు.

"నువ్వు పోయి పన్నెండు రోజులైనాది మ్యాన్. ఎక్స్‌పైర్డ్ అని ఉంది. నీ కర్మ నువ్వే సేసుకుని వచ్చినావేటి?"

"పోనాది మా తాత, సారూ. నాను కాదు. కర్మ సేసినాది నాను."

అతని తండ్రి ఎప్పుడో పోయాడు. అందుకని తలకొరివి మనవడి మీద పడింది. కాలి మీద ఇనుము చిందిన మూడోరోజే తాత పోయాడు. పన్నెండు రోజులూ చెప్పులు లేకుండా, కట్టు లేకుండా, తడి నేల మీద తిరిగాడు. ఇదంతా అతను విల్‌ఫ్రెడ్‌తో నెమ్మదిగా, తప్పు ఒప్పుకుంటున్నట్టు చెబుతుంటే హైమవతి తలుపు దగ్గరే ఆగిపోయింది. టిఫిను డబ్బా ఆమె చేతిలో బరువెక్కింది.

పూరీ గేట్ బస్తీ. నీలం రంగు తలుపు. వాకిట్లో ఎండుచేపలు ఆరబోసిన చాప. ఏప్రిల్లో తాను వెళ్ళిన ఇల్లు.

విల్‌ఫ్రెడ్ తిట్టుకుంటూ రెండు వేళ్ళతో మీటలు నొక్కి అతని కార్డు తిరిగి తెరిచాడు. గుడ్డ విప్పాడు. చిటికెన వేలు, దాని పక్క వేలు నల్లగా ఉన్నాయి. ఆ నలుపు చూసి ఆయన హాస్యం మానేశాడు. రేపు మంగళవారం, డాక్టరు వస్తాడు, పెద్దాసుపత్రికి చీటీ రాయించుకుని వెంటనే వెళ్ళాలని గట్టిగా చెప్పాడు. తవిటయ్య గోడ పట్టుకుని లేచాడు. గుమ్మంలో హైమవతిని చూసి, పెద్దింటి ఆడపిల్లకు దారి ఇచ్చినట్టు పక్కకు ఒదిగాడు.

పోనీలే, సరైపోయింది, అనుకుంది ఆమె. తెరిచేశారు కదా. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

తర్వాత ఆమె దూది కట్టలు దాచే కొట్టులోకి వెళ్ళింది. మిషను అక్కడే ఉంటుంది. కుర్చీలో కూర్చుని ఫ్లాపీ పెట్టింది. రోజూ నొక్కే మీట నొక్కింది. కప్లింగు పెద్ద జాబితానూ ఈ జాబితానూ పక్కపక్కన పెట్టి మొదటినుంచి చివరిదాకా చూసుకుంటూ పోతుంది. ఎక్కడ తేడా ఉంటే అక్కడ పెద్ద జాబితా మాటే నెగ్గుతుంది. మైత్ర బాబు ఈ సంగతి ఆమెకు చేర్చుకున్న రోజే చెప్పాడు. అది ఆమెకు గుర్తొచ్చేసరికి అంకెలు పరుగెత్తడం అయిపోయింది. తెర మీద ఒకే వరుస మిగిలింది. తేడాలు: ఒకటి. సరిచేయబడినవి: ఒకటి.

పక్కగదిలో విల్‌ఫ్రెడ్ చేతులు కడుక్కుంటున్న చప్పుడు. పిలిస్తే వింటాడు. హైమవతి పిలవలేదు. ఫ్లాపీ తీసి డబ్బాలో పెట్టి, పాతగుడ్డ రెండు ముళ్ళు వేసి, వానలోకి దిగిపోయింది.

*

ట్రాఫిక్ సెటిల్‌మెంటు అనే రైల్వే కాలనీలో మామగారి క్వార్టరు రెండు గదులు. మామ వచ్చే ఫిబ్రవరికి రిటైరవుతాడు. అప్పుడు క్వార్టరు ఖాళీ చేయాలి. మొగుడు లోకో షెడ్డులో సబ్‌స్టిట్యూటు, పిలిచిన రోజే పని. ఇంట్లో నెల నెలా ఆగకుండా నడిచే పని హైమవతిదొక్కటే. తొమ్మిదో తరగతి నడుమ బడి మానేసిన పిల్లకు కుర్చీలో కూర్చునే పని దొరికిందని అత్త దాలమ్మ కొళాయి దగ్గర నాలుగు నెలలు చెప్పుకుంది.

ఆ సాయంత్రం చంటిది రొమ్ము పట్టి వదిలి, పట్టి వదిలి, ఏడ్చింది. పాలు సరిగా దిగడం లేదు. ఏటైనాదే, మొహం అలగున్నాదేటి, అని అత్త అడిగింది. తల తడిసిందని చెప్పింది హైమవతి.

మైత్ర బాబు ఆమెను చేర్చుకుంది ఒకే పనికోసం. ఫౌండ్రీలో పనివాణ్ణి ఆపి, మళ్ళీ పిలిచి, పిలిచిన ప్రతిసారీ కొత్త నంబరు ఇచ్చేవారు. ఒకే మనిషికి రెండు, మూడు నంబర్లు. పాత పుస్తకాల్లో పుట్టిన తేదీలు లేవు. రిటైరైన ముసలివాళ్ళకు పోయేదాకా మందులిస్తారు గనక వాళ్ళ నంబర్లూ జాబితాలోనే ఉండేవి. పేరూ ఇల్లూ ఒకటై నంబర్లు వేరుగా ఉన్నవాళ్ళ కాగితాలు తీసి, ఇంటింటికీ తిరిగి, మనిషి ఒకడేనా అని అడిగి, ఒకడే అయితే టిక్కు పెట్టాలి. టిక్కు పెడితే మిషను రెండు నంబర్లనూ ఒక మనిషి కింద కట్టేస్తుంది. మా తెలుగు ఇళ్ళన్నీ నాకు తెలుసు బాబూ అని ఆమే చెప్పింది. ఆ రోజు ఆయన ఇంటి పెద్ద పేరు అడిగితే, మామ పేరు నోటితో చెప్పలేక కాగితం మీద రాసి చూపించింది. ఆయనకు అది వింతగా అనిపించి, పక్కన టైపు చేస్తున్న రూతును అడిగాడు. కోడళ్ళు మామగారి పేరు పలకరని రూతు చెప్పింది. తానైతే క్రైస్తవురాలు గనక పలుకుతానంది. ముందు మామ దొరకాలి గదా అని కూడా అంది.

మంగళవారం పొద్దున హైమవతి అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళి ఏప్రిల్ కాగితాల కట్ట విప్పింది. పూరీ గేట్ కాగితం అడుగున ఉంది. తవిటయ్య, మౌల్డింగు. రెండు నంబర్లు. ఒకే మనిషి అన్న గడిలో టిక్కు. కింద ఆమె సంతకం, వంకర 'హై'తో. ఆ టిక్కు మిగతావాటికంటే పొడుగ్గా ఉంది. తొందరలో పెట్టింది. ఆ మధ్యాహ్నం పాలు చేపుకొచ్చి జాకెట్టు తడుస్తుంటే, నాలుగు గంటల సైరన్ లోగా ఇంటికి చేరాలని పన్నెండు ఇళ్ళు పరుగున తిరిగింది.

"ఏటి వెతుకుతున్నావు?" రూతు వెనకాల నిలబడి ఉంది.

హైమవతి కాగితం మడిచింది. రూతు దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని చదివి, మళ్ళీ చేతిలో పెట్టి, వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. కాసేపు టైపు చేసింది.

"దర్వాను సెప్తే నవ్వినాను నిన్న," అంది వెనక్కి తిరక్కుండా. "బాబుకి ఇప్పుడే సెప్పకు. ఎవరో ఒకరు సూసి సరిసేత్తారు. నీ సంతకం దాకా ఎందుకొత్తాది?"

హైమవతికి కావలసింది ఆ మాటే. రోజంతా దాన్ని పట్టుకుని కూర్చుంది.

మూడున్నరకు డిస్పెన్సరీలో విల్‌ఫ్రెడ్ ఒక్కడే ఉన్నాడు. మనిషి చిరాకుగా ఉన్నాడు. తవిటయ్య పొద్దుట ఎనిమిదింటినుంచీ కూర్చున్నాడట. డాక్టరు వచ్చి కార్డు చూస్తే మళ్ళీ ఎక్స్‌పైర్డ్. చచ్చిపోయినవాడి పేరు మీద చీటీ రాసి తాను జైలుకు పోలేనన్నాడట. టైమాఫీసుకు పంపితే వాళ్ళూ పెద్ద జాబితా చూసి అదే చెప్పారట. మూసేసిన నంబరు తెరవాలంటే ఇల్లు తనిఖీ చేసిన ఆఫీసునుంచే కాగితం రావాలన్నారట. డాక్టరు వెళ్ళిపోయాడు, మళ్ళీ వచ్చేది శుక్రవారం.

"నాను మళ్ళీ తెరిసినాను. నిన్నా తెరిసినాను," అన్నాడు విల్‌ఫ్రెడ్. "ఎవడో రోజూ సాయంత్రం వచ్చి ఆణ్ణి సంపేసి పోతన్నాడు, హైమా."

ఆయన ఆమెను అనలేదు. ఆ మాట అంటూ దూది చుట్టుకుంటున్నాడు. ఆమె కొట్టులోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఫ్లాపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెట్టకపోతే అతను బతికే ఉంటాడు, ఈ ఒక్క మిషనులో. గేటు దగ్గర కాదు, టైమాఫీసులో కాదు. చీటీ మీద ముద్ర వేసేది టైమాఫీసు. అయినా తన చేత్తో మళ్ళీ ఆ మీట నొక్కడానికి వేలు రాలేదు. అంకెలు పరుగెత్తడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ కూర్చుని, లేచింది. ఫ్లాపీ మిషనులోకి వెళ్ళకుండానే డబ్బాలోకి వెళ్ళింది.

ఇంటికి నడుస్తుంటే కొత్త భయం పట్టుకుంది. రేపు పొద్దున మైత్ర బాబు లెక్క చూస్తాడు. మూడు మిషన్లలో రెండే కదిలాయని తెలిసిపోతుంది. అడుగుతాడు. సైరన్ కూసింది, షాపులనుంచి సైకిళ్ళు వరదలా వచ్చాయి. ఆ మనుషులందరిలో ఎవరి నంబరు తన చేతిలో ఎలా కట్టి ఉందోనని, ఒక్కొక్కరి మొహమూ చూస్తూ రోడ్డు పక్కన నిలబడిపోయింది.

సెటిల్‌మెంటు కొళాయి దగ్గర ఎవరో అంటున్నారు: పూరీ గేట్ కుర్రోడి కాలు మోకాలి దాకా వాచిపోయిందట, జ్వరమట, వాడు చచ్చిపోయాడని కంపెనీ రాసేసుకుందట. ఎవుడో కంపూటరోడి పని, ఆడి సేతులు పడిపోను, అంది ఒక ముసలామె. హైమవతి బిందె సగమే నింపుకుని వచ్చేసింది.

*

బుధవారం తెల్లారి చంటిదాన్ని చంకనెత్తుకుని పూరీ గేట్‌కు బయలుదేరింది. అత్తకు ఎక్కడికో చెప్పలేదు. పిల్లను వదిలి రావడానికి ధైర్యం చాలలేదు. పిల్ల చంకలో ఉంటే ఎవరూ కొట్టరు.

నీలం తలుపు తెరిచే ఉంది. పోలమ్మ గుమ్మంలో కూర్చుని పాత చీర పొడుగ్గా చింపుతోంది. పోయినవాడి కోడలు, కాలు వాచినవాడి తల్లి. నలభై దాటిన మనిషి, సన్నగా, ఎండిన కొమ్మలా ఉంటుంది. లోపల మంచం మీద కొడుకు గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాలి కింద దిండు పెట్టారు. గదిలో ఒక తియ్యటి చెడు వాసన.

కూర్చోమంది పోలమ్మ. చంటిదాని పాదం పట్టుకుని చూసి, దిష్టి తీసినట్టు మెటికలు విరిచింది. హైమవతి నిలబడే ఉంది.

"అత్తా, ఏప్రిల్లో కాగితాలట్టుకొచ్చినాది నానే."

"తెలుసు. మజ్జిగిత్తే తాగనేదు నువ్వు. పరిగెట్టుకుపోనావు."

"రెండు నంబర్లకీ మనిషొకడేనా అని అడిగినాను. నువ్వు తలూపినావు. నాను టిక్కెట్టినాను." ఆమె గొంతు తనకే వినపడలేదు. మళ్ళీ చెప్పింది. "నా టిక్కు వల్లే. ముసిలాయన పోనాడని టైమాఫీసులో రాసీసరికి ఇద్దర్నీ కొట్టేసినాది. మీ వోణ్ణి సంపినాది నానే అత్తా."

పోలమ్మ చేతిలో చీర చిరగడం ఆగింది. మంచం మీద కొడుకు కదిలితే అటు చూసింది.

హైమవతికి ఆ మధ్యాహ్నం మళ్ళీ కళ్ళ ముందు నిలిచింది. తవిటయ్య గారి ఇల్లేనా అని తానడగ్గానే పోలమ్మ చటుక్కున కొంగు తల మీదికి లాక్కుని, మొహం పక్కకు తిప్పుకుని తలూపింది. ఆ వెంటే నంబర్ల సంగతి అడిగింది తాను. పోలమ్మ తల ఇంకా ఊగుతూనే ఉంది. అది మొదటిదానికి జవాబో రెండోదానికో తెలుసుకోలేదు. మామ పేరు విని సిగ్గుపడిన కోడల్ని మళ్ళీ ఆ పేరెత్తి అడగడం మర్యాద కాదనుకుంది. తనూ కోడలే. పైగా సైరన్‌కు అరగంటే ఉంది.

"నువ్వు రెండో మాట అడిగినావని నాకు తెలీనే తెలీదు," అంది పోలమ్మ చివరికి. "మామ పేరు సెవిని పడ్డాక ఇంకేటి ఇంటాను? ఈడికీ ఆ పేరే ఎట్టినారు, మా ఇంటాయన సరదా. నానాడూ ఆణ్ణి పేరెట్టి పిలవనేదు. సిన్నోడా అంటాను. ఈడికో పేరున్నాదనే మరిసిపోనాను."

ఆమె తిడుతుందని హైమవతి ఎదురుచూసింది. తిట్టి ఉంటే తేలికయ్యేది. పోలమ్మ చీర పేలికలు ఉండ చుట్టి మంచం దగ్గర పెట్టి, ఇప్పుడేటి సేత్తే ఆడికి సీటీ ఇత్తారు అని అడిగింది. ఇంటి పెద్ద వచ్చి, ఇద్దరు వేరు వేరు మనుషులని తన నోటితో చెప్పి, కొత్త కాగితం మీద వేలిముద్ర వెయ్యాలని హైమవతి చెప్పింది. నోటితోనేనా అని అడిగింది పోలమ్మ. అవునంది.

ఇద్దరూ బస్సెక్కి ఇందాలో దిగారు. దారిలో పోలమ్మ చంటిదాన్ని తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. పిల్ల ఆమె మెళ్ళో పూసల తాడు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ నిద్రపోయింది.

*

మైత్ర బాబు అప్పటికే లెక్క చూశాడు. హైమవతి మెట్లెక్కి రాగానే, నిన్న డిస్పెన్సరీ మిషను ఎందుకు కదలలేదని అడిగాడు. ఆమె వెనక పోలమ్మను చూసి ఆగాడు.

హైమవతి ఏప్రిల్ కాగితం తీసి ఆయన ముందు పెట్టింది. వచ్చీరాని హిందీలో చెప్పుకొచ్చింది. నడుమ మాటలు దొరక్కపోతే రూతు బెంగాలీలో అందించింది. ఆయన వింటూ సిగరెట్టు వెలిగించుకోబోయి, నిద్రపోతున్న పిల్లను చూసి మళ్ళీ పెట్టెలో పెట్టాడు. కోప్పడలేదు. కొత్త కాగితం తీసి కలం మూత తిప్పాడు. చనిపోయినవాడి పేరేమిటని పోలమ్మను అడిగాడు.

పోలమ్మ గోడకున్న క్యాలెండరు వైపు చూసింది.

ఆమెకు హిందీ రాదేమోనని ఆయన రూతు వైపు చూశాడు. రూతు తెలుగులో అడిగింది. పోలమ్మ పెదవులు కదిలాయి, మాట రాలేదు. కింద కొట్టులో పాకం మరుగుతున్న వాసన. హైమవతి ఇక ఉండబట్టలేక, నేను చెబుతాను బాబూ అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. నువ్వు చెప్పబట్టే కదా ఇలా అయింది అన్నాడు, మెల్లగానే. రాసి చూపిస్తే చాలునన్నాడు. పోలమ్మకు రాయడం రాదు.

పోలమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. నుదురు దాటి కళ్ళదాకా లాక్కుంది. గోడవైపు తిరిగి, ఎవరో చనువున్న మనిషిని నిద్రలేపుతున్నట్టు అంది.

"తవిటయ్య."

కలం కదిలింది. బతికున్నవాడి పేరేమిటని రూతు అడిగింది.

"తవిటయ్య," అంది పోలమ్మ మళ్ళీ. "రెండూ ఆ పేరే బాబూ. ఒకరు ఎల్లిపోనారు. ఒకరు మంచం మీద పడున్నారు. ఉన్నోణ్ణి ఉంచండి."

వేలిముద్ర వేయించుకుని ఆయన మిషను ముందుకు జరిగాడు. రెండు నంబర్లనూ కట్టిన ముడి విప్పడానికి అయిదు నిమిషాలు పట్టింది. అయిదే నిమిషాలు. హైమవతి గోడగడియారం చూస్తూనే ఉంది. టైమాఫీసుకు కాగితం రాసి, మూడు ఫ్లాపీలు తీసి, ఇప్పుడే వెళ్ళి మూడు చోట్లా పెట్టి రమ్మని రూతుకిచ్చాడు. హైమవతికి ఇవ్వలేదు.

పోలమ్మ రెండు చేతులూ జోడించింది. తప్పు ఆ పిల్లది కాదనీ, తలూపింది తాననీ ఆయనకు చెప్పమని రూతుతో అంది. రూతు చెప్పింది. మైత్ర బాబు ఏప్రిల్ కాగితం మీది సంతకం వైపు కాసేపు చూశాడు. పొరపాటు ఎవరికైనా వస్తుందన్నాడు.

"ఇదొక్కటేనా?" అని అడిగాడు.

బల్ల కింద రూతు కాలు హైమవతి కాలిని నొక్కింది. గట్టిగా, నొప్పి పుట్టేలా. పోలమ్మ ఒళ్ళో చంటిది నిద్రలో ముద్దగా ఏదో నమిలింది. ఆ మధ్యాహ్నం తిరిగిన గుమ్మాలన్నీ హైమవతికి వరసగా గుర్తున్నాయి. ఏ గుమ్మంలో ఏ కోడలు మొహం తిప్పుకుందో గుర్తుంది. ఆ ఇళ్ళలో తాతలు ఇంకా ఉన్నారు. వాళ్ళున్నన్నాళ్ళూ ఎవరికీ ఏమీ తెలియదు. అప్పటికి తాను ఇక్కడ ఉంటుందో లేదో. ఒకటేనండి అంటే చాలు.

"ఆ రోజు తిరిగినవి ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి బాబూ," అంది.

రూతు కాలు తీసేసింది. మైత్ర బాబు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, తుడిచిందే తుడిచాడు. తర్వాత ఏప్రిల్ కట్ట మొత్తం ఆమె ముందుకు తోశాడు. ఆ పదకొండూ తేలేదాకా నీకు ఫ్లాపీలు లేవన్నాడు. ఆ తర్వాత నువ్వుండాలో వద్దో అప్పుడు చూద్దామన్నాడు.

*

ఆ సాయంత్రమే విల్‌ఫ్రెడ్ తెరిచిన కార్డు పట్టుకుని సైకిల్ మీద డాక్టరు ఇంటికి వెళ్ళి చీటీ రాయించాడు. గురువారం పెద్దాసుపత్రిలో తవిటయ్యకు చిటికెన వేలు తీసేశారు. పక్క వేలు నిలిచింది.

ఈ సంగతి శుక్రవారం పొద్దున పూరీ గేట్ దగ్గర సైకిలాపి ఆయనే హైమవతికి చెప్పాడు. ఎవరి టిక్కో ఆయనకు అప్పటికి తెలిసింది. దాచలేదు.

"మంగళారం వచ్చి ఉంటే ఆ ఏలు కూడా ఉండేదన్నాడు అక్కడి సర్జను," అన్నాడు. కాసేపు సైకిలు గంట మీద వేలు పెట్టి, మోగించకుండా ఊరుకున్నాడు. "సోమారం నువ్వక్కడే ఉన్నావు, హైమా."

ఆమె తలూపింది. ఆయన వెళ్ళిపోయాడు. వాన వెలిసి ఎండ కాస్తోంది, రోడ్డు మీద ఆవిరి లేస్తోంది. ఆమె కాగితాల కట్టను ఒక చంకనుంచి ఇంకో చంకకు మార్చుకుంది. పాలకు జాకెట్టు అప్పుడే తడవడం మొదలెట్టింది. సైరన్ ఎప్పుడు కూస్తే అప్పుడు కూయనీ అనుకుంది.

పదకొండులో మొదటి ఇల్లు పూరీ గేట్ చివర, పట్టాల గోడకు ఆనుకుని ఉంది. వసారాలో ఒక ముసలాయన బనీనుతో కూర్చుని బీడీ తాగుతున్నాడు. తలుపు తీసింది ఇరవై ఏళ్ళ కోడలు. చేతులకు పిండి ఉంది. ఏప్రిల్లో తలుపు తీసిందీ ఈ పిల్లే.

హైమవతి కాగితం తెరిచింది. ఈసారి పేరు చదవలేదు. నంబర్లూ చదవలేదు. మీ ఇంట్లో ఫౌండ్రీ మనుషులు ఎందరు, వాళ్ళ పేర్లేమిటి, ఒక్కొక్కరివీ నువ్వే చెప్పమంది.

ఆ పిల్ల మొదట నవ్వింది. తర్వాత వసారా వైపు కళ్ళు తిప్పి, పిండి చేత్తోనే కొంగు తల మీదికి లాక్కుని, తల వంచుకుంది. కాగితంలో ఉన్నాది కదప్పా, నువ్వే సదువుకో, అంది నేలకు చెబుతున్నట్టు.

"నాను సదవను. సదివే ఒకరి ఏలు పోగొట్టినాను."

పిల్ల తల ఎత్తలేదు. తలూపడానికి సిద్ధంగా ఉంది; ఏమడిగినా ఊపుతుంది. హైమవతికి ఆ ఊపు ఎలా ఉంటుందో తెలుసు. కలం జాకెట్టులో దోపుకుంది. వసారాలో ముసలాయన దగ్గు ఆగేదాకా ఆగింది. నాలుగేళ్ళుగా తన మామ తిన్న కంచం కడిగింది, ఆయన దగ్గితే నీళ్ళిచ్చింది, ఆయన రిటైరైతే ఎక్కడుంటామని ఏడ్చింది. పిలవాల్సి వస్తే గాజులు చప్పుడు చేసింది.

"నూకయ్య," అంది.

పిల్ల ఉలిక్కిపడి చూసింది.

"మా మామ పేరు. నాను సెప్పినాను. ఏటీ కానేదు." కాగితాలు గుండెకు అదుముకుంది. "ఇప్పుడు నువ్వు సెప్పు. ఒక్కొక్కరిదీ."

ఆ పిల్ల ఆమె మొహంలోకి చూసింది. తర్వాత పిండి చేతులు కుచ్చిళ్ళకు తుడుచుకుని, గుమ్మం దాటి, వెనక తలుపు నెమ్మదిగా దగ్గరకు లాగి, మెట్టు దిగి హైమవతి చెవి దగ్గరకు వచ్చింది.